కొండ కూడు, క్యాలరీ లెక్క

కొరాపుట్ నుంచి రాయగడకు దిగే రైలుదారిలో, లక్ష్మీపూర్ బ్లాకులో ఉంది కకిరిగుమ్మ. చుట్టూ కొండలు, కొండవాలున చోడిచేలు, పల్లంలో వరి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా ఈ నేలంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. విశాఖపట్నం ఏజెన్సీ, జయపురం సంస్థానం. ఒడియా, కువి, దేశియా పలుకుల నడుమ తెలుగు ఇప్పటికీ ఈ ప్రాంతంలో వినిపించడానికి మూలం అక్కడుంది.

ఇలాంటి చోట షుగరు రోగికి ఏం తినాలో, ఎంత తినాలో చెప్పడం పట్నంలో చెప్పినంత తేలిక కాదు. పట్నంలో డాక్టరు నోట మొదట వచ్చే మాట "తిండి తగ్గించండి". ఆ మాట కొట్లో కూర్చునే వర్తకుడికి సరిపోవచ్చు. పొద్దుటి నుంచి కొండపోడులో వంగి పనిచేసి, నలభై కిలోల బరువు కూడా లేని మనిషికి అదే మాట చెబితే అది వైద్యం కాదు, అన్యాయం. క్యాలరీ అన్న కొలత మన దేశంలో ఆకలిని లెక్కకట్టడానికి వచ్చింది. తర్వాతే అది అధిక తిండిని లెక్కకట్టే పనికి మళ్లింది. ఆ రెండు పనులూ ఒకే ఊళ్లో, ఒకే రోజున చేయవలసిన చోటు కకిరిగుమ్మ. ఈ సింహావలోకనం అందుకోసమే.

సుశ్రుతుడి మాట

చక్కెర జబ్బుకీ తిండికీ ముడి ఉందని మనవాళ్లు ఎరగనిది కాదు. చరకుడు ప్రమేహానికి కారణాలు చెబుతూ కదలకుండా కూర్చునే సుఖాన్నీ, అతినిద్రనూ, పెరుగునూ, కొత్త ధాన్యాన్నీ, బెల్లపు వంటకాలనూ వరుసగా పేర్కొన్నాడు. పథ్యంలో యవలకు, అంటే బార్లీకి, పెద్దపీట వేశాడు. మూత్రం తియ్యనౌతుందనీ, చీమలు పడతాయనీ మన ప్రాచీన వైద్యులు గమనించారు.

సుశ్రుతసంహితలో ఇంకో విశేషముంది. కలిగిన రోగికి ఒక చికిత్స, పేద రోగికి మరో చికిత్స. పేదవాడు చెప్పులూ గొడుగూ లేకుండా నూరు యోజనాలు నడవాలి, మునిలా బతకాలి. కలిగినవాడు శ్యామాకం, నివ్వరి వంటి ధాన్యాలు తినాలి. శ్యామాకమంటే మన సామ, ఊద జాతి చిరుధాన్యం. రెండు వేల ఏళ్ల నాటి వైద్యుడు రోగికి మందుగా చెప్పిన నడకా, చిరుధాన్యమూ ఈ కొండల్లో మొన్నమొన్నటిదాకా రోజువారీ బతుకు. జబ్బు ఎక్కువగా సుఖజీవుల వాకిట్లోనే నిలబడ్డ రోజులవి. మరి అది కొండదాకా ఎలా ఎక్కింది? ఆ దారి మధ్యలో కరువులున్నాయి.

కరువులు కొలిచిన గింజ

1866లో ఒడిశాను న'అంక దుర్భిక్షం ఊడ్చేసింది. పదేళ్లకు, 1876-78లో, మద్రాసు ప్రెసిడెన్సీని ధాత కరువు పట్టింది. అప్పుడు కరువు పనుల కూలి ఎంతుండాలన్న ప్రశ్న వచ్చింది. వైస్రాయి పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం చాలన్నాడు. పైఖర్చుకు చిల్లర. రోజంతా రాళ్లు కొట్టే మనిషికి అది చాలదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ గట్టిగా ఎదిరించాడు. ఒక పౌను బియ్యమంటే 450 గ్రాములు. ఇప్పటి లెక్కలో 1,600 క్యాలరీలు. భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన ప్రమాణం ప్రకారం 65 కిలోల మగమనిషి బరువైన శ్రమ చేస్తే రోజుకు 3,470 క్యాలరీలు కావాలి. ఆ ప్రమాణంలో సగం కూడా చేతికి రాని కూలి అది. కార్నిష్ దగ్గర క్యాలరీ లెక్క లేదు. కళ్లముందు చిక్కి శల్యమౌతున్న మనుషులున్నారు, అంతే.

లెక్క ఐరోపాలో తయారౌతోంది. శరీరం తిండిని మండించే పొయ్యి వంటిదని పద్దెనిమిదో శతాబ్దం చివర లవాజియే చూపించాడు. 1820ల్లో నికొలా క్లెమాఁ వేడిని కొలిచే క్యాలరీ అన్న మాట వాడాడు. 1890ల్లో అమెరికాలో విల్బర్ అట్వాటర్ మనుషులను గదంత పెట్టెలో ఉంచి, వాళ్లు తిన్నదీ వదిలిన వేడీ కొలిచాడు. ఆయన తేల్చిన అంకెలే ఇప్పటికీ ఆహార పట్టికలకు పునాది. గ్రాము పిండిపదార్థానికి 4, మాంసకృత్తులకు 4, కొవ్వుకు 9.

ఇక్కడ ఒక తెలుగువాడి పేరు చెప్పుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1929లో ఏటీపీ అనే పదార్థాన్ని కండరం నుంచి వేరు చేశాడు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని కనుగొన్నాడు. తిన్న గింజలోని శక్తి చివరికి కణంలో ఈ రూపంలోనే ఖర్చవుతుంది. అట్వాటర్ బయటి నుంచి కొలిచిన క్యాలరీ ఒంట్లో ఎలా చెల్లుబాటవుతుందో తెలిసినది అలా.

ఉపవాసం, ఇన్సులిన్

1870-71లో ప్రష్యా సైన్యం పారిస్‌ను ముట్టడించింది. రొట్టెకు కరువొచ్చింది. ఆ కరువు రోజుల్లో తన చక్కెర రోగుల మూత్రంలో చక్కెర తగ్గిపోవడం అపొలినేర్ బూషార్డా అనే వైద్యుడు చూశాడు. తక్కువ తినండి, కండలు కదిలించండి అని ఆయన బోధించాడు. ఆ ఆలోచనను కొసకు లాగినవాడు న్యూయార్క్‌లో ఫ్రెడరిక్ ఆలెన్. 1914 నుంచి ఆయన రోగులను దాదాపు ఉపవాసంలోనే ఉంచాడు. ఎలిజబెత్ హ్యూస్ అనే అమ్మాయి పదకొండేళ్లకు జబ్బు పడి, 1922కల్లా ఇరవై కిలోలకు చేరింది. ఆ ఏడాదే టొరంటోలో బాంటింగ్, బెస్ట్ బృందం తయారుచేసిన ఇన్సులిన్ అందబట్టి బతికి, 1981 దాకా జీవించింది. ఆలెన్ వార్డులో తిండి తగ్గించడం వల్ల జబ్బు కొన్నాళ్లు ఆగింది. కొందరు మాత్రం జబ్బుతో కాక ఆకలితో పోయారు.

ఈ కథ కకిరిగుమ్మకు దగ్గరిది. లావుపాటి మనిషికి మేలు చేసిన ఉపవాసమే ఇన్సులిన్ లేని పలుచటి పిల్లను చావు అంచుకు తెచ్చింది. ఒకే పేరుతో పిలిచే జబ్బులో రెండు రకాల ఒళ్లున్నాయని అప్పుడే తెలిసివుండాల్సింది.

కూనూరు నుంచి తార్నాకకు

మన దేశపు తిండి లెక్క 1918లో నీలగిరుల్లోని కూనూరులో మొదలైంది. రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి మీద పరిశోధనకు ఒక్క గదిలో పెట్టిన చిన్న విభాగమది. తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం మీద శాస్త్రం చేసిన అభియోగం అక్కడ కూడా వినిపించింది. 1937లో అక్కడి నుంచే ఎయిక్రాయిడ్ భారతీయ ఆహారాల పోషక విలువల పట్టిక తెచ్చాడు. 1958లో సంస్థ హైదరాబాదులోని తార్నాకకు తరలింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. 1971లో గోపాలన్, రామశాస్త్రి, బాలసుబ్రమణియన్‌ల పట్టిక వచ్చింది. దేశంలో పథ్యం రాసిచ్చే ప్రతి డైటీషియన్ బల్ల మీదికీ అది చేరింది.

ఆ రోజుల్లో ప్రపంచమంతా పేద పిల్లలకు మాంసకృత్తుల లోటు అని గొంతెత్తుతుంటే, డాక్టర్ గోపాలన్ మరో మాట చెప్పారు. మన పేదలు తినే గింజా పప్పూ కడుపునిండా తింటే మాంసకృత్తులు వాటంతటవే సరిపోతాయి, అసలు లోటు క్యాలరీలదని. కొరత తిండి రకంలో కన్నా తిండి పరిమాణంలో ఉందని దాని సారం. 1979లో ప్రణాళికా సంఘం నియమించిన నిపుణుల బృందం గ్రామాల్లో మనిషికి రోజుకు 2,400, పట్నాల్లో 2,100 క్యాలరీలను దారిద్ర్యరేఖకు ఆధారంగా తీసుకుంది. అంటే తెలుగు గడ్డ మీద, ఒడిశాలో, దేశమంతటా క్యాలరీ అన్న మాటకు అర్థం ఆకలి. దాన్ని కొలిచినవాళ్లు పేదల పక్షాన నిలబడినవాళ్లు.

తెల్లన్నం గెలిచిన కథ

అన్నం మీద తెలుగువాడి మమకారం పాతది. పల్నాటి జొన్నకూడు తినలేక శ్రీనాథుడు విసుక్కున్నాడని చాటువులు చెబుతాయి. వరి తినేవాడు పెద్దవాడు, చోళ్లు, జొన్నలు తినేవాడు చిన్నవాడు అన్న భావం అప్పటికే నాటుకుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట గోదావరి డెల్టాను వరిమయం చేసింది. వరి గెలుపుకు అక్కడి నుంచి అడ్డులేదు.

విచిత్రమేమంటే జయపురం ప్రాంతం వరికి పుట్టినిళ్లలో ఒకటి. 1950ల్లో కటక్ వరి పరిశోధన కేంద్రం ఇక్కడ పదిహేడు వందలకు పైగా దేశవాళీ రకాలు సేకరించింది. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కొరాపుట్ సేద్యాన్ని ప్రపంచ వారసత్వ సేద్యవ్యవస్థగా గుర్తించింది. దేశవాళీ విత్తనాలు కాపాడిన జయపురం ప్రాంతపు ఆదివాసీ మహిళ కమలా పూజారికి 2019లో పద్మశ్రీ దక్కింది. అయినా కొండవాళ్ల పొట్ట నింపినది చోడి, సామ, కందికాయ, దుంప, ఆకుకూర, ఇప్పపువ్వు. చోడిపిండి జావ ఇక్కడ మాండియా పేజ్, మన ఉత్తరాంధ్రలో చోడంబలి.

1982లో మారుటేరు నుంచి స్వర్ణ వరి వచ్చి ఒడిశా పొలాలను కూడా ఆక్రమించింది. 1983లో ఎన్.టి. రామారావు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చారు. కొండకు ఇవతల మాత్రం ఆకలి పోలేదు. 2001లో రాయగడ జిల్లా కాశీపూర్‌లో మామిడి టెంకల జీడి తిని ఆదివాసులు చనిపోయారు. ఆ వార్త దేశాన్ని కుదిపింది. 2008లో ఒడిశా కూడా రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది, 2013లో రూపాయి చేసింది. ఆ బియ్యం ప్రాణాలు నిలబెట్టింది. దాన్ని తప్పుపట్టే హక్కు కడుపునిండినవాళ్లకు లేదు. కాని బియ్యంతోపాటు పప్పు, నూనె, చోళ్లు అదే విరివిగా రాలేదు. ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకు ఇచ్చే ఐదు కిలోలంటే రోజుకు 167 గ్రాములు, దాదాపు 590 క్యాలరీలు. మనిషి అవసరంలో పావు వంతు. మిగతా ముప్పావు కొనుక్కోవాలి. కొనుక్కునేది తరచు మళ్లీ బియ్యమే, చక్కెర టీయే, బిస్కెట్టే.

ఈలోగా శ్రమ కూడా మారింది. రాయగడకు కాగితపు మిల్లు, సునాబెడకు విమాన ఇంజన్ల కర్మాగారం, దమన్‌జోడికి అల్యూమినా వచ్చాయి. 1990ల్లో కొండలు తొలిచి రైలు వేశారు. నడిచేవాళ్లు ఆటోలు ఎక్కారు.

రెండు ఒళ్లు, ఒక జబ్బు

1960ల్లో కటక్ మెడికల్ కాలేజీలో డాక్టర్ బి.బి. త్రిపాఠి ఒక వింత రకం రోగులను వర్ణించారు. పడుచువాళ్లు, బక్కచిక్కినవాళ్లు, పేదలు. రక్తంలో చక్కెర చాలా ఎక్కువ, అయినా ఇన్సులిన్ లేక పిల్లలు పడిపోయే ఆమ్లస్థితిలోకి వీళ్లు జారరు. 1985లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని పోషకలోప మధుమేహమని వర్గీకరించింది. 1999లో ఆధారాలు చాలవని జాబితాలోంచి తీసేసింది. 2022లో వెల్లూరు సీఎంసీ, న్యూయార్క్ పరిశోధకులు కలిసి ఇలాంటి సన్నటి రోగులను పరీక్షించి, వీళ్లలో ఇన్సులిన్ తయారీ తగ్గిందనీ, లావుపాటి రోగుల్లో కనిపించే ఇన్సులిన్ నిరోధం అంతగా లేదనీ చూపారు. 2025లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దీన్ని ఐదో రకం మధుమేహంగా గుర్తించింది. శాస్త్రంలో వాదం ఇంకా సాగుతోంది. ఒడిశాలో త్రిపాఠి చూసిన ఈ రోగి మాత్రం అరవై ఏళ్ల తర్వాత మళ్లీ లెక్కలోకొచ్చాడు.

రెండో ఒళ్లు మనందరికీ తెలిసినదే. బొజ్జ, కదలిక లేని ఉద్యోగం, మూడుపూటలా అన్నం, నూనె వేపుళ్లు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి ఇండియాబ్ సర్వే ప్రకారం దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులు, 13 కోట్లకు పైగా ఆ అంచున ఉన్నవాళ్లు. పుణేలో డాక్టర్ యాజ్ఞిక్ చూపినట్టు మన పిల్లలు పుట్టుకతోనే బరువు తక్కువ, కొవ్వు ఎక్కువ. తల్లి ఆకలి బిడ్డ ఒంట్లో ముద్రపడి, ఆ బిడ్డ పెద్దయ్యాక కొంచెం లావెక్కినా చక్కెర పెరిగే స్థితి ఇది. కాశీపూర్ తరం బిడ్డలు రాయగడలో ఉద్యోగస్తులైతే జరగగలిగేది కూడా ఇదే.

ఈ రెండో రకానికి క్యాలరీ తగ్గించడం నిజంగా మందు. 2017లో ఫలితాలు వెలువడిన బ్రిటన్ డైరెక్ట్ పరిశోధనలో, ఆరేళ్లలోపు మధుమేహమున్న లావుపాటి రోగులకు వైద్యుల పర్యవేక్షణలో కొన్ని నెలలు రోజుకు దాదాపు 850 క్యాలరీలే ఇచ్చారు. ఏడాదికి 46 శాతం మందికి మందులు లేకుండానే చక్కెర అదుపులోకొచ్చింది. పదిహేను కిలోలు తగ్గినవాళ్లలో 86 శాతం మందికి. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 2006లోనే, నడకా తిండి మార్పుతో అంచున ఉన్న భారతీయుల్లో జబ్బు రావడం 28 శాతం తగ్గించవచ్చని రుజువు చేసింది.

కంచం ముందు లెక్క

ఇప్పుడు కంచం దగ్గరికి వద్దాం. చోళ్లు తింటే షుగరు రాదు, తెల్లన్నం తింటేనే వస్తుందన్న నమ్మకం బాగా ప్రచారంలో ఉంది. 2017 జాతీయ పట్టిక చూస్తే వంద గ్రాముల తెల్లబియ్యం 356 క్యాలరీలు, చోళ్లు 320, సామలు 346. తేడా కొద్దిదే. చోళ్ల గొప్ప మరోచోట ఉంది. పీచు బియ్యంలో 3 గ్రాముల లోపైతే చోళ్లలో 11. కాల్షియం బియ్యంలో 8 మిల్లీగ్రాముల లోపైతే చోళ్లలో 364. ఎనభై గ్రాముల పిండితో లీటరు అంబలి కాస్తే కడుపు నిండుతుంది, చేరేది 260 క్యాలరీలు. అదే పిండిని మెత్తగా విసిరి ముద్ద కట్టి, రెండు ముద్దలు మింగితే చక్కెర అన్నంలాగే ఎగబాకుతుంది. స్వర్ణ, తెలంగాణ సోన వంటి బియ్యాలు రక్తంలో చక్కెరను నిదానంగా పెంచుతాయని పరీక్షల్లో తేలింది. నిదానంగా పెంచే బియ్యంలో కూడా క్యాలరీలు అన్నే ఉంటాయి, గరిటె పెద్దదైతే లాభం పోతుంది.

క్యాలరీ లెక్కకు డైటీషియన్లు వాడే పద్ధతి సులువే. ఎత్తుకు తగ్గ బరువును పనిబట్టి గుణిస్తారు. ఆ బరువు 65 కిలోలైతే, కొట్లో కూర్చుంటూ 80 కిలోలకు చేరిన వర్తకుడికి కిలోకు 20 నుంచి 25 చొప్పున రోజుకు 1,300 నుంచి 1,600. తగ్గాల్సినవి అన్నం గరిటెలూ, నూనె చెంచాలూ. నూనె గ్రాముకు 9 క్యాలరీలు, మూడు చెంచాలు పోస్తే పూట అన్నంలో సగం విలువ వంటలో మాయమైనట్టే. కాయగూర పెరగాలి, పప్పు పెరగాలి, నడక పెరగాలి.

అదే ఊళ్లో 42 కిలోల బరువుతో కూలిపని చేస్తూ షుగరు బయటపడ్డ మనిషికి, ఎత్తుకు తగ్గ బరువు 55 అయితే కిలోకు 40 చొప్పున 2,200 కావాలి. ఆయన తినేది అందులో సగమే అయివుండవచ్చు. ఆయనకు చెప్పాల్సింది "ఎక్కువ తినండి, ఇలా తినండి" అని. అంబలిలోకి పప్పో, గుడ్డో, ఎండు చేపో, పిడికెడు పల్లీలో, మునగాకో. పూటలు మూడు నుంచి నాలుగైదుకు పెరగాలి. బరువు పెరుగుతుంటే సంతోషించాలి. మందు ఇన్సులిన్ అవసరమా అన్నది డాక్టరు తేల్చాలి.

ఇద్దరికీ ఒక హెచ్చరిక. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలో, ఇన్సులినో తీసుకుంటూ పూట మానేస్తే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. ఖాళీ కడుపున జీలుగు కల్లో, ఇప్పసారానో తాగితే ఇంకా ప్రమాదం. సారాలోని ఆల్కహాలుకు గ్రాముకు 7 క్యాలరీలున్నా అవి ఆ పడిపోయే చక్కెరను నిలబెట్టవు. సంతరోజున, పండగరోజున, పొలంపని పెరిగిన రోజున తిండీ మందూ కలిపి సర్దుకోవడం రోగికి నేర్పాలి.

చేయాల్సినది

వెనక్కి చూస్తే దారి స్పష్టంగా ఉంది. ఒక పౌను ధాన్యం చాలన్న టెంపుల్, చాలదన్న కార్నిష్ చూసింది ఒకే కూలీని. ఒకరు ఖజానా వైపు నుంచి చూశారు, ఒకరు మనిషి వైపు నుంచి. ఆలెన్ వార్డు, గోపాలన్ పట్టిక, త్రిపాఠి రోగులు నేర్పిన పాఠం కూడా అదే. అంకె మనిషిని చూశాక వేయాలి.

2017లో కొరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ పేరిట వైద్య కళాశాల వచ్చింది. అదే ఏడు ఒడిశా మిల్లెట్ మిషన్ మొదలై, ఆదివాసీ రైతుల చోళ్లకు విత్తనం, గిట్టుబాటు ధర, కొనుగోలు కల్పించింది. ముప్పై ఏళ్లు దాటినవాళ్లందరికీ షుగరు పరీక్ష చేయాలన్న జాతీయ కార్యక్రమం ఆశా కార్యకర్త చేతిలో ఉంది. కావలసిన పనిముట్లు చాలావరకు కొండ ఎక్కాయి. ఇక మిగిలింది వాటిని కలపడం. పరీక్ష చేసే ప్రతి చోటా బరువు తూచే యంత్రం, ఎత్తు కొలిచే టేపు ఉండాలి. చీటీ మీద చక్కెర అంకె పక్కనే బరువు, ఎత్తు, చేసే పని రాయాలి. బరువు తక్కువున్నవాళ్లకు ఇచ్చే సలహా వేరు, ఎక్కువున్నవాళ్లకు వేరు అని ఆశాకు, నర్సుకు నేర్పాలి. ఆ సలహా కువిలో, దేశియాలో, ఒడియాలో, తెలుగులో ఉండాలి. గ్రాముల బదులు ఇంట్లో ఉన్న గిన్నె, గరిటె, పిడికిలి కొలతల్లో ఉండాలి. రేషన్‌లో బియ్యం తగ్గించకుండా కందిపప్పు, చోళ్లు, నూనె చేర్చాలి. కొండవాడి పొట్టలో బియ్యం కోసి చోళ్లు పెట్టడం వైద్యం కాదు. లోటు ఉన్న చోట నింపడం, మిగులు ఉన్న చోట తగ్గించడం వైద్యం.

షుగరు రోగికి పథ్యం రాసే ప్రతి చేయీ ముందు ఒక ప్రశ్న అడగాలి: ఈ మనిషి నిన్న కడుపునిండా తిన్నాడా? దానికి జవాబు తెలిశాకే క్యాలరీ లెక్క మొదలుపెట్టాలి. కకిరిగుమ్మలో ఆ అలవాటు కుదిరితే, ఆకలీ అధికబరువూ పక్కపక్కనే బతికే అరకు, పార్వతీపురం, సీతంపేట, భద్రాచలం కొండలకు కూడా అది దారి చూపుతుంది.